యేసు చరిత్రను తెరకెక్కించిన సినిమాలు: మన సంఘాల్లో ఏది వెయ్యాలి, ఏది ఇంట్లో చూడాలి

శ్రమల దినాలు దగ్గరపడేసరికి చెన్నైలోని తెలుగు సంఘాల్లో ఏటేటా ఒక చర్చ తప్పకుండా వస్తుంది. ఈసారి యౌవనస్థుల కూడికలో ఏ సినిమా వెయ్యాలి, గుడ్ ఫ్రైడేకు ముందు వారం సండే స్కూల్ పిల్లలకు ఏది చూపించాలి అని సంఘ పెద్దలు మాట్లాడుకుంటారు. చాలాచోట్ల ఎవరి దగ్గర ఏ కాపీ ఉంటే అదే వేసేస్తారు. క్రీస్తు జీవితం మీద నూరేళ్లకు పైగా సినిమాలు వస్తున్నాయి. వాటిలో కొన్ని సువార్తను మాట తప్పకుండా చదివి వినిపిస్తాయి, కొన్ని సువార్త చెప్పని దాన్ని కల్పించుకుంటాయి, మరికొన్ని సువార్త పేరుతో వేరే కథ చెబుతాయి. ఈ తేడా తెలియకుండా ఏదో ఒకటి ఎంచుకోవడం సరైన పని కాదన్న ఉద్దేశంతో, మా సంఘంలో వేసినవీ ఇంట్లో శ్రద్ధగా చూసినవీ కలిపి ఈ సమీక్ష రాస్తున్నాను.

నా కొలమానం ముందే చెబుతాను. సువార్తికులు నలుగురూ చాలా తక్కువ మాటల్లో రాశారు. యేసు ఎలా ఉండేవాడో, ఎంత పొడవో, గొంతు ఎలాంటిదో ఎవరూ రాయలేదు. పన్నెండేళ్ల వయసులో దేవాలయంలో కనిపించిన బాలుడు మళ్లీ మనకు కనిపించేది దాదాపు ముప్పై ఏళ్లవాడైన తరువాతే. పేతురు మూడోసారి బొంకిన క్షణాన "ప్రభువు తిరిగి పేతురువైపు చూచెను" అని లూకా ఒక్కడే రాశాడు. ఆ చూపులో ఉన్నది కోపమో, జాలియో, దుఃఖమో అతడు కూడా చెప్పలేదు. చదువుకునేవాళ్లకు ఆ ఖాళీ ఒక వరం, ఎందుకంటే అక్కడ ఎవరి మనస్సాక్షి వారిని నిలదీస్తుంది. సినిమా తీసేవారికి ఆ వెసులుబాటు లేదు. కెమెరా ముందు ఒక మనిషి నిలబడాలి, తల తిప్పాలి, చూడాలి, ఆ చూపుకు ఏదో ఒక అర్థం రాక తప్పదు. కాబట్టి ఏ దర్శకుడైనా ఖాళీలను పూరించి తీరవలసిందే. పూరించినది సువార్త లోపలి నుంచి తీసుకున్నదా, బయటి నుంచి తెచ్చి అతికించినదా అన్నదే నేను చూసేది.

మన ప్రాంతానికి ఈ సినిమాలతో ఉన్న బంధం చాలా పాతది. తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగం చేస్తున్న సామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచి వ్యక్తి దగ్గర ప్రొజెక్టరునూ, దానితోపాటు క్రీస్తు జీవితం మీద తీసిన మూకీ చిత్రాన్నీ కొని, డేరా వేసి ఊరూరా చూపించాడు. దక్షిణాదిలో ఎందరో మొట్టమొదట చూసిన కదిలే బొమ్మ అలా క్రీస్తుదే అయింది. అటు బొంబాయిలో దాదాసాహెబ్ ఫాల్కే కూడా క్రీస్తు జీవితం మీద వచ్చిన సినిమా చూసే, మన దేవుళ్లను కూడా ఇలా తెరమీద చూపించాలని నిశ్చయించుకుని, 1913లో మన దేశపు తొలి పూర్తి నిడివి కథాచిత్రం తీశాడు.

తెలుగువారిగా మనం మొదట మాట్లాడుకోవలసింది 'కరుణామయుడు' గురించే. మదరాసులో స్థిరపడి తమిళంలో గొప్ప కుటుంబ చిత్రాలు తీసిన ఎ. భీమ్‌సింగ్ దీనికి దర్శకుడు. 1978 డిసెంబరులో ఈ చిత్రం విడుదలయింది. అదే ఏడాది జనవరిలో కన్నుమూసిన భీమ్‌సింగ్ ఆ విడుదలను చూడలేదు. యేసుగా విజయచందర్ నటించాడు. తరువాత 1986లో షిర్డీ సాయిబాబాగా కూడా తెలుగు ప్రేక్షకుల మనసుల్లో నిలిచిపోయిన నటుడు ఆయన. హిందీలో 'దయాసాగర్' పేరుతో ఈ సినిమాను సువార్త బృందాలు పల్లెపల్లెకూ తీసుకెళ్లి, తెర కట్టి, ప్రొజెక్టరు పెట్టి ఏళ్ల తరబడి చూపించాయి. తెలుగు నేలమీద పుట్టిన సినిమా మరొక భాషలో అంత దూరం ప్రయాణించడం అరుదు.

ఈ సినిమా బలం దాని పద్ధతిలోనే ఉంది. పౌరాణిక చిత్రాలు చూసి పెరిగిన ప్రేక్షకులకు పరిచయమైన నడకలోనే కథ సాగుతుంది. యేసు తొందరపడి మాట్లాడడు, చేతుల కదలిక కూడా మెల్లగా ఉంటుంది, కీలక ఘట్టాల్లో పాట వచ్చి భావాన్ని మోస్తుంది. మోదుకూరి జాన్సన్ రాయగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిన 'కదిలింది కరుణరథం' పాట దీనికి మంచి ఉదాహరణ. సిలువ మోసుకుంటూ గొల్గొతాకు నడిచే దారిలో లూకా మనకు ఇచ్చినవి కొద్ది వాక్యాలే: కురేనీయుడైన సీమోను, రొమ్ము కొట్టుకుంటూ వెంట వస్తున్న స్త్రీలు, వారితో యేసు అన్న మాటలు. సినిమాలో ఆ దారంతా పాట పరుచుకుంటుంది. అది తప్పు అని నేను అనను. ఏడుస్తూ వెంట నడిచిన ఆ స్త్రీల గొంతు సువార్తలోనే ఉంది. పాట ఆ గొంతును అందుకుని పెద్దది చేసింది. మన ఊళ్లలో చావు ఇంట పాడి ఏడ్చే అలవాటు తెలిసినవాళ్లకు ఆ దృశ్యాన్ని వేరే ఎవరూ వివరించనక్కరలేదు. గుడ్ ఫ్రైడే ఆరాధనల్లో ఈ పాట ఇప్పటికీ పాడుతున్నామంటే, అది సినిమాను దాటి సంఘానికి చెందిపోయిందన్న మాట.

బలహీనత కూడా అక్కడే ఉంది. పౌరాణికపు ధోరణి వల్ల యేసు మొదటినుంచీ చివరిదాకా దేవుడిగానే కనిపిస్తాడు; అలసిపోయి పడవలో తలగడ మీద నిద్రపోయిన మనిషి, లాజరు సమాధి దగ్గర కన్నీరు విడిచిన మనిషి మనకు తగినంత దగ్గరగా రాడు. అయినా నాయనమ్మలూ అమ్మమ్మలూ పిల్లలూ ఒకేచోట కూర్చుని చూడగలిగే చిత్రం తెలుగులో ఇంతకంటే వేరొకటి నాకు కనిపించలేదు. చెన్నైలో దీనికి ఇంకొక ప్రయోజనం ఉంది. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు; ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు బైబిలు చదవలేరు. వారికి తెలుగులో క్రీస్తు కథ చెవిన పడే సందర్భాలు ఆదివారం ఉదయానికే పరిమితం. అటువంటి పిల్లలు ఈ సినిమా చూశాక పర్వత ప్రసంగంలోని మాటలను తెలుగులో చెప్పడం నేను విన్నాను, ఎంతో సంతోషించాను.

బాపు దర్శకత్వంలో 1980లో వచ్చిన 'రాజాధిరాజు'లో కూడా విజయచందరే క్రీస్తు. సాతానుగా నూతన్‌ప్రసాద్ నటన గొప్పది, కానీ అది సువార్తను ఆధారం చేసుకుని అల్లిన మరో కథ. చర్చకు పెట్టుకోవడానికి బాగుంటుంది, వాక్యానికి బదులుగా చూపించడానికి పనికిరాదు.

సంఘంలో వాక్య పరిచర్య కోసం వెయ్యాలనుకునేవారికి నేను మొదట సూచించేది 1979లో వచ్చిన 'జీసస్' చిత్రం. ఇది లూకా సువార్తను ఆధారం చేసుకున్నది. పీటర్ సైక్స్, జాన్ క్రిష్ దర్శకత్వంలో ఇశ్రాయేలు దేశంలోనే చిత్రీకరించారు. యేసుగా బ్రయన్ డీకన్ నటించాడు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ భాషల్లోకి అనువాదమైన సినిమా ఇదే. తెలుగు, తమిళం సహా రెండు వేలకు పైగా భాషల్లో దొరుకుతుంది. నిడివి సుమారు రెండు గంటలు కాబట్టి ఒక సాయంత్రపు కూడికకు సరిపోతుంది. సగం మంది తమిళం మాట్లాడే కుటుంబాలు వచ్చే చోట, ఒక హాల్లో తెలుగులోనూ పక్క గదిలో తమిళంలోనూ ఒకే సమయంలో వేసుకోవచ్చు. మా వైపు కొన్ని సంఘాలు అలాగే చేస్తున్నాయి.

ఈ చిత్రం లూకాను దాటి పెద్దగా వెళ్లదు. యాయీరు కూతురిని లేపే ఘట్టంలోనూ అనవసరమైన హంగు లేదు. కళ దృష్టితో చూస్తే మాత్రం చప్పగా ఉన్నదని ఒప్పుకోవాలి. ఘట్టం తరువాత ఘట్టం వరుసగా వచ్చి వెళ్లిపోతుంది, శిష్యుల్లో ఎవరి ముఖమూ మనసులో నాటుకోదు, ఒక అద్భుతాన్ని మనం జీర్ణించుకునే లోపే ఇంకొకటి మొదలవుతుంది. చాలా ప్రతుల్లో చివర ఒక ప్రార్థనా ఆహ్వానం జోడించి ఉంటుంది. దాన్ని ఉంచాలా, అక్కడ ఆపి అయ్యగారు స్వయంగా ప్రార్థన చేయాలా అన్నది సంఘం ముందే నిర్ణయించుకోవడం మంచిది. రెండోదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మన మధ్య ఉన్న మనిషి గొంతుకు ఉన్న విలువ రికార్డు చేసిన గొంతుకు రాదు.

యోహాను సువార్తను ఒక్క మాట వదలకుండా తీసిన చిత్రం 2003లో వచ్చింది. ఫిలిప్ సావిల్ దర్శకుడు, హెన్రీ ఇయన్ కుసిక్ యేసు. సుమారు మూడు గంటలు. వ్యాఖ్యాత చదువుతూ ఉంటే నటులు నడిపించే పద్ధతి కాబట్టి బైబిలు స్టడీకి వచ్చేవాళ్లకు ఇది మంచి సాధనం: అధ్యాయం చదివి, ఆ భాగం చూసి, మాట్లాడుకోవచ్చు. ఒకేసారి కూర్చుని చూడమని మాత్రం ఎవరికీ చెప్పను.

వాక్యాన్ని అంటిపెట్టుకుంటూనే గొప్ప సినిమా తీయవచ్చని నిరూపించినది 1964 నాటి 'మత్తయి సువార్త'. దర్శకుడు పియర్ పావొలో పాసోలినీ ఇటలీకి చెందిన కవి, మార్క్సిస్టు, దేవుణ్ణి నమ్మనివాడు. 1962లో పోప్ ఇరవైమూడవ జాన్ అస్సీసీ పట్టణానికి వచ్చిన రోజున అక్కడ గదిలో ఉండిపోయిన పాసోలినీ, చేతికి దొరికిన సువార్తను చదివి ఈ సినిమా తీయాలని సంకల్పించాడు. పూర్తయిన చిత్రాన్ని, అప్పటికి మరణించిన ఆ పోప్ స్మృతికే అంకితం చేశాడు. నటులందరూ వృత్తి నటులు కాని మామూలు మనుషులు. యేసు పాత్రధారి ఎన్రికే ఇరాసోకి ఒక స్పెయిన్ విద్యార్థి. వయసు మీరిన మరియగా దర్శకుడి సొంత తల్లే నటించింది. దక్షిణ ఇటలీలోని పేద కొండ ఊళ్లలో, ముఖ్యంగా మతేరాలో, నలుపు తెలుపుల్లో తీశారు. సంభాషణలన్నీ మత్తయి నుంచే తీసుకున్నారు.

దీని మొదటి దృశ్యం ఒక్కటి చూస్తే చాలు, ఖాళీని ఎలా పూరించాలో తెలుస్తుంది. తెరమీద మరియ ముఖం. చిన్న వయసు, ఏమీ మాట్లాడదు. తరువాత యోసేపు ముఖం, అతడూ మాట్లాడడు. మళ్లీ మరియ. ఈసారి కెమెరా కొంచెం వెనక్కి వస్తుంది, ఆమె గర్భవతి అని మనకు తెలుస్తుంది. యోసేపు ఒక్క మాట అనకుండా వెనుదిరిగి దారి పట్టి వెళ్లిపోతాడు. మత్తయి ఈ సంగతిని రెండు వాక్యాల్లో చెప్పాడు: ఆమె గర్భవతిగా కనబడింది, ఆమె భర్త నీతిమంతుడై ఆమెను అవమానపరచనొల్లక రహస్యంగా విడనాడాలనుకున్నాడు. ఇంకో దర్శకుడైతే ఇక్కడ ఇరువైపుల కుటుంబాల గొడవ, కన్నీళ్లు, మాటల యుద్ధం పెట్టేవాడు. పాసోలినీ మత్తయి మౌనాన్ని మౌనంగానే ఉంచి, ఆ మౌనంలో ఇద్దరు మనుషుల బాధ ఎంతటిదో చూపాడు. అందుకే ఆ తరువాత దూత వచ్చి చెప్పిన మాట వినగానే మనకు కూడా గుండె తేలికపడుతుంది.

పర్వత ప్రసంగాన్ని తీసిన తీరు కూడా అంతే ధైర్యమైనది. జనసమూహం కనిపించదు, యేసు ముఖం ఒక్కటే దగ్గరగా కనిపిస్తుంది, వెనక వెలుగు మారుతూ ఉంటుంది, మాటలు ఒకదాని వెంట ఒకటి వేగంగా వస్తాయి. ఈ యేసు మెత్తనివాడు కాదు. శాస్త్రులను, పరిసయ్యులను గద్దించినప్పుడు నిజంగానే గద్దిస్తాడు. కరుణామయుడిని చూసి అలవాటుపడిన మన పెద్దవాళ్లకు ఇది మొదట ఇబ్బందిగా ఉంటుంది, కానీ మత్తయి ఇరవైమూడో అధ్యాయం చదివి చూస్తే ఆ కఠినత్వం సువార్తలోనిదేనని ఒప్పుకుంటారు. మా సంఘంలో మేము చూసిన ప్రతికి తెలుగు మాటలు లేవు, ఇంగ్లీషు సబ్‌టైటిల్సే దిక్కయ్యాయి. కాబట్టి ఇది సంఘమంతటికీ కాక, కాలేజీ వయసు యౌవనస్థులకూ సినిమా మీద ఆసక్తి ఉన్నవాళ్లకూ సరిపోతుంది. వాళ్లకు మాత్రం తప్పక చూపించాలని గట్టిగా చెబుతున్నాను.

ఫ్రాంకో జెఫిరెల్లీ 1977లో టెలివిజన్ కోసం తీసిన 'జీసస్ ఆఫ్ నజరెత్' దీనికి పూర్తిగా వేరు. ఆరు గంటలు దాటిన నిడివి, పేరున్న నటులు, నాలుగు సువార్తలనూ కలిపి నేసిన కథ, వాటి మధ్య చాలా కల్పన. యేసుగా రాబర్ట్ పావెల్ రెప్ప వేయడం కూడా అరుదుగా కనిపిస్తుంది. మన క్యాలెండర్ల మీద కనిపించే నీలికళ్ల క్రీస్తు ముఖం లాంటిదే ఆ ముఖం. యూదుడైన యేసు అలా ఉండేవాడని నేను నమ్మను. అయినా ఈ సినిమాలోని ఒక్క కల్పన కోసం దీన్ని నేను మళ్లీ మళ్లీ సిఫారసు చేస్తాను.

అది మత్తయి ఇంటి విందు. పన్నుల పేరుతో తనలాంటి జాలరులను పీల్చిన మత్తయి అంటే పేతురుకు అసహ్యం. యేసు ఆ ఇంటికి భోజనానికి వెళ్తాననడం అతడికి మింగుడుపడదు. విందు జరుగుతున్న చోట, తాగినవాళ్లూ నవ్వేవాళ్లూ ఉన్న మధ్యలో, యేసు తప్పిపోయిన కుమారుని కథ మొదలుపెడతాడు. పేతురు లోపలికి రాడు. గుమ్మం దగ్గర నిలబడి వింటాడు. కథ నడిచేకొద్దీ మనకు అర్థమవుతుంది: చెడిపోయి తిరిగి వచ్చిన చిన్న కుమారుడు మత్తయి, ఇంట్లోకి రానని బయట నిలబడ్డ పెద్ద కుమారుడు పేతురు. లూకా పదిహేనో అధ్యాయంలో ఆ ఉపమానం తండ్రి బతిమాలడంతో ఆగిపోతుంది. పెద్ద కుమారుడు లోపలికి వెళ్లాడా లేదా అన్నది యేసు చెప్పలేదు. జెఫిరెల్లీ దానికి జవాబు ఇచ్చాడు: పేతురు గుమ్మం దాటి లోపలికి వస్తాడు, మత్తయితో సమాధానపడతాడు. మత్తయి సువార్తలోని విందునూ లూకా సువార్తలోని ఉపమానాన్నీ ఒకచోట చేర్చిన ఈ ఘట్టం ఏ సువార్తలోనూ ఇలా లేదు. అయినా అందులో సువార్తకు పరాయిదైన మాట ఒక్కటి కూడా లేదు. బోధకులు ఎందరో ఈ ఉపమానం మీద చేసే ప్రసంగాలకంటే ఆ కొద్ది నిమిషాలు పెద్ద కుమారుడి గురించి ఎక్కువ చెబుతాయని నేను నమ్ముతున్నాను. సిలువ దగ్గర నికొదేముగా లారెన్స్ ఒలీవియర్ నిలబడి యెషయా యాభై మూడో అధ్యాయాన్ని వల్లించడం కూడా అటువంటి కల్పనే. రాత్రివేళ ప్రశ్నలతో వచ్చిన పండితుడికి, తాను జీవితమంతా చదివిన లేఖనం ఎవరి గురించో అప్పుడు తెలుస్తుంది.

అదే సినిమాలో బయటి నుంచి తెచ్చి అతికించినది కూడా ఉంది. జెరా అనే కల్పిత పాత్ర యూదాను మభ్యపెట్టి అప్పగింతకు దారి తీసినట్టు చూపారు. దానితో యూదా అమాయకుడిగా, రాజకీయంలో చిక్కుకున్న మంచివాడిగా మిగిలిపోతాడు. ముప్పై వెండి నాణెముల సంగతి మత్తయి దాచలేదు, డబ్బు సంచిలోది దొంగిలించేవాడని యోహాను సూటిగా రాశాడు. వాళ్లు అంత కఠినంగా చెప్పిన దాన్ని మెత్తబరిచే హక్కు దర్శకుడికి లేదు.

మెల్ గిబ్సన్ 2004లో తీసిన 'ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్' గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. మాటలు అరామిక్, హీబ్రూ, లాటిన్ భాషల్లో పెట్టి, ఆ కాలపు వాతావరణం తేవడానికి చేసిన కృషి నిజమైనది. జిమ్ కవీజెల్ నటనలోని నిజాయితీని శంకించలేము. కానీ కొరడా దెబ్బల సంగతి మత్తయి, మార్కు, యోహాను ఒక్కొక్క వాక్యంతో ముగించారు. "యేసును కొరడాలతో కొట్టించి" అన్నంతే మత్తయి రాసినది. సినిమాలో అది నిమిషాల తరబడి, ఒంటి మీద చర్మం చీలిపోయేదాకా సాగుతుంది. ఇందులో చాలా భాగం పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ సన్యాసిని ఆన్ క్యాథరిన్ ఎమెరిక్ దర్శనాల పేరుతో వెలువడిన పుస్తకం నుంచి వచ్చినది. సువార్తికులు గాయాలను లెక్కపెట్టలేదు; ఆయన ఎవరు, ఎందుకు మరణించాడు అన్నదాని మీదనే మన దృష్టి నిలిపారు. ఈ సినిమా చూసి బయటికి వచ్చినవాళ్లకు రక్తం గుర్తుంటుంది, ఆయన బోధించిన మాటలు మాత్రం మధ్యమధ్య వచ్చిన చిన్న జ్ఞాపకాలుగానే మిగులుతాయి. యూదులను గుంపుగా దోషులుగా చూపిందన్న విమర్శ కూడా తీసిపారెయ్యదగినది కాదు. పిల్లలకు దీన్ని చూపించవద్దని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను. గుడ్ ఫ్రైడే రోజున చర్చి హాల్లో చిన్నపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టి వేసే అలవాటు ఎక్కడ ఉన్నా మానుకోవాలి.

ఇప్పటి యౌవనస్థులు ఎక్కువగా చూస్తున్నది 'ది చోజెన్' ధారావాహిక. డాలస్ జెంకిన్స్ దర్శకుడు, జొనాథన్ రూమీ యేసు. అభిమానుల చందాలతో మొదలై 2019లో మొదటి సీజన్ వచ్చింది. ఇందులోని యేసు నవ్వుతాడు, వడ్రంగి పని చేస్తాడు, పిల్లలతో ఆడతాడు, అలసిపోతాడు. మన తెలుగు సినిమాలో నాకు కొరతగా కనిపించినది ఇక్కడ దొరికింది. మూడో సీజన్‌లో ఒక ఘట్టం ఉంది. కుంటుతూ నడిచే చిన్న యాకోబును కూడా యేసు రోగులను స్వస్థపరచడానికి పంపుతాడు. అతడు ఒంటరిగా వచ్చి, నన్నెందుకు స్వస్థపరచలేదు అని ఆయనను అడుగుతాడు. యాకోబుకు ఆ వైకల్యం ఉన్నట్టు సువార్తలో ఎక్కడా లేదు. ఆ పాత్రధారికి నిజ జీవితంలో ఉన్న వైకల్యం నుంచి ఆ ఘట్టం పుట్టింది. ఏళ్ల తరబడి ప్రార్థించినా స్వస్థత రాని మనుషులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వాళ్లు ఎవరితోనూ చెప్పుకోలేని ప్రశ్నను యేసు ముందే పెట్టినందుకు ఈ ధారావాహికకు నేను కృతజ్ఞుణ్ణి.

అయితే సీజన్ల తరబడి సాగే కథలో కల్పన వాక్యాన్ని మించిపోతుంది. సువార్తలో పేతురు అత్తగారి ప్రస్తావన ఉంది కాబట్టి భార్య ఉందని తెలుస్తుంది. ఆమె పేరు, ఆమె దుఃఖం, వాళ్ల సంసారంలోని కలతలు అన్నీ రచయితలవి. అన్ని భాగాలూ చూసిన పిల్లవాడికి ఏది మార్కు రాశాడో, ఏది ధారావాహిక రచయిత రాశాడో విడదీయడం కష్టం. ఇంట్లో చూసేవారు ఒక భాగం చూశాక సంబంధిత అధ్యాయం అదే రాత్రి చదివితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. తెలుగు చదవలేని పిల్లలకు పెద్దవాళ్లు చదివి వినిపించాలి.

సంఘంగా వేసేవారికి కొన్ని మాటలు. ఏప్రిల్ నాటికి చెన్నైలో చీకటి పడేది ఆలస్యంగానే కాబట్టి ఆరుబయట తెర కట్టేవారు ఏడు గంటలకు ముందు మొదలుపెట్టకూడదు. బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. స్పీకర్లు తెరకు ఇరువైపులా పెట్టి, తెలుగు మాటలు చివరి వరుసలో స్పష్టంగా వినిపిస్తున్నాయో లేదో ముందే చూసుకోవాలి. లూకా చిత్రాన్ని వేసినప్పుడు పేతురు బొంకిన చోట ఆపి, లూకా ఇరవైరెండో అధ్యాయం యాభై నాలుగు నుంచి అరవై రెండు వచనాలు ఒకరు పైకి చదివి, ఆ తరువాత మళ్లీ మొదలుపెట్టడం మంచి పద్ధతి. తోమా పేరుతో కొండ ఉన్న మన ఊళ్లో పునరుత్థానపు వారం యోహాను చిత్రంలోని తోమా ఘట్టాన్ని విడిగా వేసుకోవచ్చు. యోహాను సువార్తలో తోమా గాయాలను తాకినట్టు రాసి లేదన్న సంగతిని చూసేవారికి ముందుగా చెప్పి, ఇరవయ్యో అధ్యాయం తెరిచి చేతికివ్వాలి.